బొమ్మ (సినిమా) ఉంది కదా, ఇంకో హాల్లో ఆడిస్తే పోలా?

ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో 1991 మే 16న మొదలైన, మప్పెట్లనే ఆటబొమ్మల త్రీడీ సినిమా ప్రదర్శన ‘మప్పెట్ విజన్ 3డీ’కి 2025 జూన్ 7 ఆఖరి రోజు. ఆ చోట ‘మాన్‌స్టర్స్ ఇంక్’ సినిమా ఆధారంగా కట్టే ప్రాంతం రాబోతోంది. అభిమానులు పైన రాసిన ప్రశ్నే అడుగుతున్నారు. పోదు, ఎందుకంటే ఆ బొమ్మలో సగం గదిలోనే ఉంది.

ప్రదర్శన మొదలవడానికి సరిగ్గా ఏడాది ముందే కన్నుమూసిన, మప్పెట్ల సృష్టికర్త జిమ్ హెన్సన్, ఆయన బృందం గదినీ బొమ్మనూ కలిపే రాసుకున్నారు. పక్కన బాల్కనీలో స్టాట్లర్, వాల్డార్ఫ్ అనే ఇద్దరు ముసలాళ్ళు. యంత్రపు బొమ్మలే, కానీ తెరమీద జరిగేదాన్ని వెక్కిరిస్తూ కూర్చునేవాళ్ళు. వాళ్ళు మాట్లాడేంతసేపు తెరమీది పాత్రలు ఆగాలి. ఆ ఖాళీ బొమ్మలోనే ఉంది. ముసలాళ్ళు లేని హాల్లో అది ఉత్త మౌనం. చివర్లో వెనక ప్రొజెక్షన్ గదిలోంచి స్వీడిష్ షెఫ్ అనే వంటవాడి బొమ్మ ఫిరంగి పేల్చేది. వెనకనుంచి చప్పుడు రాకపోతే తెరమీది విధ్వంసానికి కారణమే ఉండదు.

తెర సంగతి ఇంకాస్త మొండిది. త్రీడీ కోసం ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ, రెండూ ఒకే తెర మీద పడతాయి. ఒక్కోదాని కాంతి ఒక్కో దిశలోనే కంపించేలా, ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో, ఫిల్టరు వడగడుతుంది. కళ్ళద్దాల్లోనూ అవే ఫిల్టర్లు. మామూలు తెల్ల తెర ఆ దిశను చెదరగొడుతుంది, ఒక కంటి బొమ్మ రెండో కంట్లోకి జారి జంట నీడలు కనిపిస్తాయి. అందుకే వెండి పూత తెర కావాలి. ప్రేక్షకుడు తల పక్కకు వంచినా ఇదే తంటా. పైగా ఫిల్టరు సగానికిపైగా వెలుతురు మింగేస్తుంది, కాబట్టి దీపం బలంగా ఉండాలి. వెండి తెర వెలుగును ఎదురుగానే ఎక్కువగా తిప్పికొడుతుంది గనక పక్క సీట్లకు బొమ్మ మసకగానే ఉంటుంది.

ముందుకు పొడుచుకొచ్చే వస్తువును తెర నడిమధ్యే ఉంచుతారు. అంచు దాన్ని కోసిందా, కన్ను అంచునే ముందున్నట్టు లెక్కేస్తుంది, వస్తువు వెనక్కి కుంగిపోతుంది.

ఫాజీ అనే ఎలుగుబంటి తెరమీద పువ్వులోంచి నీళ్ళు చిమ్మినప్పుడు హాల్లోనూ జల్లు పడేది. ఇలాంటి చోట్ల వాల్వు తెరవమనే ఆదేశం బొమ్మకంటే కాస్త ముందే వెళ్ళాలి, నీరు గాల్లో ప్రయాణించాలి కదా. వాల్వు, నీళ్ళు చిమ్మే నాజిల్‌కు ఎంత దూరముంటే మధ్య గొట్టంలో అంత నీరు మిగిలి, జోకు అయిపోయాక బొట్లుబొట్లుగా కారుతుంది. నాజిల్‌లో సున్నం పేరుకుంటే జల్లు ఒక పక్కకే పోతుంది. హాల్లో కురిసే సబ్బు బుడగలు చూడ్డానికి ముచ్చటే గానీ, తుడవకపోతే నేల జారుతుంది.

కాలిఫోర్నియాలో 2001లో ఇదే ప్రదర్శన పెట్టినప్పుడు బొమ్మతో పాటు ముసలాళ్ళనూ, షెఫ్‌నూ మళ్ళీ తయారుచేసి పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడైనా అంతే. బాల్కనీ కోణం కాస్త మారినా స్టాట్లర్ చూపు తెరమీది కెర్మిట్ కప్ప మీద కాకుండా గోడ మీద పడుతుంది, అతని మెడ కదలికలన్నీ మళ్ళీ ప్రోగ్రామ్ చెయ్యాలి.