పులిసిన పాల గచ్చు

పోయిన వేసవి సెలవుల్లో మా తొమ్మిదేళ్ల అమ్మాయిని ఇంగ్లండ్ దక్షిణాన ససెక్స్‌లో ఉన్న ఆల్‌ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్‌కి తీసుకెళ్లాను. గడ్డి కప్పు, ఓక్ దూలాలు, సుమారు 600 ఏళ్ల ఇల్లు. పేరుకి పాదిరి గారి ఇల్లే గానీ, మొదట కట్టుకున్నది ఒక రైతు కుటుంబం. చర్చి చేతికి వెళ్లాక కూలీల కాపురాలకి రెండు వాటాలు చేశారు. 19వ శతాబ్దం చివర కూల్చేద్దామనుకుంటే ఊరి పాదిరి గారు అడ్డం నిలబడ్డారు. 1896లో, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 10 పౌండ్లకి కొంది. ట్రస్ట్ కొన్న మొదటి కట్టడం ఇదే.

నడిమి హాలులో పైకి చూస్తే అటక లేదు, కప్పు దాకా ఖాళీ. పొయ్యి నడింట్లోనే ఉండేదట, పొగ కప్పులోంచి పోయేదట. పొగగొట్టం తర్వాత వచ్చింది. నాకు మా అమ్మమ్మ గారి మండువా ఇల్లు కళ్ల ముందు మెదిలింది. అక్కడ వాన లోపలికి పడేది, ఇక్కడ పొగ బయటికి పోయేది. నేను ఇంటర్ చదివేటప్పుడు ఆ మండువా మీద రేకులు వేయించారు. ఆ రోజు ఎంత ఏడ్చానో!

"అమ్మా, ఇందులో రియల్ హౌస్ ఏది, మార్చింది ఏది?" అంది పిల్ల. ఒక చివర మళ్లీ కట్టిందేనని చూపించాను. ఆ గోడ మీద కాసేపు చెయ్యి ఆనించి, "ఇది కూడా ఓల్డే కదా" అంది. దాని తెలుగులో సగం ఇంగ్లీషు పడుతోందని ఇన్నాళ్లూ ఎంత బెంగపెట్టుకున్నానో నాకే తెలుసు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

తర్వాత నేల మీద గొంతుక్కూర్చుంది. సుద్దరాయిని దంచి, పులిసిన పాలు పట్టించిన నేల అది. వేళ్లతో రాసి చూసి, వెంటనే మా అమ్మకి వీడియో కాల్ చెయ్యమంది.

"అమ్మమ్మా, ఫ్లోర్‌కి పాలు పోశారు!"

"గచ్చు అనవే బంగారం. మనవాళ్లు సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు."

"గచ్చు," అంది పిల్ల, వత్తి పలుకుతూ. మళ్లీ, "గచ్చు."

"ఆ పాలు విరిగినవా, తోడుపెట్టినవా? కనుక్కుని చెప్పు తల్లీ."

ఫోను నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరున్న పెద్దావిడని అడగడానికి పరుగెత్తింది.