అల్జీమర్స్ కాదు, తలలో నీరట

అల్జీమర్స్ అని రాసిన ఫైలు పట్టుకుని చాలాకాలం తిరిగాం. ఇప్పుడు నేనే కూర్చుని టైప్ చేస్తున్నా కాబట్టి చెప్పుకోవచ్చు.

నాకు ముందు పోయింది జ్ఞాపకం కాదు, నడక. కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టుండేవి. తర్వాత యూరిన్ ఆగకపోవడం, ఆ తర్వాతే పేర్లు మర్చిపోవడం. నడక సంగతి చెప్తే వయసన్నారు, యూరిన్ అంటే అదీ వయసే అన్నారు, మతిమరుపుకి మాత్రం అల్జీమర్స్ అని పేరు పెట్టేశారు. ఆ డాక్టర్ నా ఎదురుగానే మావాడితో "ఆవిడకి చెప్పి లాభం లేదండీ, సాయంత్రానికి గుర్తుండదు" అన్నాడు. పెన్ను మూత పెట్టుకుంటూ అన్నాడు, అదీ గుర్తుంది నాకు.

మావాడు దొరికిన వీడియో అల్లా చూశాడు. చైనాలో మెడలో లింఫ్ నాళాల్ని, అంటే ఒంట్లో వ్యర్థాల ద్రవాన్ని మోసే సన్న గొట్టాల్ని, సిరలకి కలిపి కుడతారట, మెదడులో చెత్తంతా దిగిపోతుందట, మర్నాడే మనుషుల్ని గుర్తుపడుతున్నారట అని ఒకటే హడావిడి. సరైన ఆధారాల్లేవని అక్కడి ప్రభుత్వమే 2025 జులైలో అల్జీమర్స్‌కి అది చెయ్యొద్దని ఆపేసింది, లేకపోతే నా మెడ కోయించేవాడే. తిట్టలేను వాణ్ణి, అమ్మ అలా అయిపోతుంటే ఎవడైనా అంతే.

ఓ రాత్రి బాత్రూంకని లేచి మధ్యలో ఆగిపోయా. కాలు రాదు, తలుపెటో తెలీదు, బట్టలు తడిసిపోయాయి, పిలుద్దామంటే కోడలి పేరు నోటికి రాదు. గోడ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, దేవుడా ఇంక తీసుకుపో అనుకున్నా. తనే లేచొచ్చి ఒక్క మాటనకుండా శుభ్రం చేసింది. నా నడక ఫోన్లో తీసి ఇంకో న్యూరాలజిస్ట్‌కి చూపించిందీ తనే, కన్నకూతురు కూడా అంత చెయ్యదు.

ఆయన నా పాత ఎంఆర్ఐ మళ్ళీ చూసి నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అన్నారు, మెదడు గదుల్లో నీరు పేరుకుపోవడం. 1965లోనే హకీమ్ అనే డాక్టర్ రాసిపెట్టిన జబ్బట, మరి ముందాయనకి ఎందుకు తట్టలేదో! ఆ నీరే వెన్నులోకీ దిగుతుందట, నడుం దగ్గర సూదితో కాస్త తీసి నడిపిస్తే అడుగు పడింది. తర్వాత షంట్, తలలోంచి పొట్టలోకి చర్మం కింద సన్న ట్యూబు. మత్తిచ్చారు, లేచా, జుట్టు తీసేశారని ఏడ్చా, అంతే.

ఇది చదివి షంట్ కోసం పరిగెత్తకండి. అసలు అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి షంట్ వేసి చూసిన ట్రయల్‌లో లాభం కనబడలేదని 2008లోనే తేలింది. కానీ నడక, యూరిన్, మతిమరుపు మూడూ కలిసొస్తే మాత్రం స్కాన్ మళ్ళీ చూడమని గొడవపడండి, మొహమాటం వద్దు. నాకు నడక బాగా వచ్చింది, జ్ఞాపకం అంత రాలేదు, పేర్లు ఇంకా జారిపోతుంటాయి. ట్యూబులోంచి నీరు ఎంత పోవాలో చూసే వాల్వ్ ఇంకాస్త సర్ది చూద్దామన్నారు, బయట్నించే మాగ్నెట్‌తో చేస్తారట, మళ్ళీ కోత లేదు.