ఆరు పలకలు, మరిచిపోయిన ఒక తూము

మా వీధిలోకి నీళ్లు రావాలంటే మా వీధిలోనే వాన పడక్కర్లేదు, కొండ మీద పడితే చాలు. శేషాచలం మీద కురిసిందంతా కపిలతీర్థం నుంచీ మాల్వాడి గుండం నుంచీ దిగి, మా తిరుపతి ఊరి మధ్యగా స్వర్ణముఖి వైపు పోవాలి. దారిలో ఆ నీళ్లు ఆగడానికి ఒకప్పుడు గుంటలుండేవి. కొర్లగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట, కొరమేనుగుంట. ఇప్పుడు చాలా మటుకు పేర్లలోనే మిగిలాయి.

మా ఇల్లు లక్ష్మీపురం సర్కిల్‌కి కాస్త దిగువన. 1994లో నాన్న కట్టించినప్పుడు రోడ్డు మీంచి వరండాలోకి నాలుగు మెట్లెక్కాలి. తర్వాత పాత రోడ్డు తవ్వకుండానే దాని మీద సిమెంటు, దాని మీద తారు, మళ్లీ సిమెంటు. ఇప్పుడు ఒకటిన్నర మెట్టు. "ఇల్లు కుంగలా, రోడ్డు ఎదిగినాది" అంటుంది అమ్మ.

2021 నవంబరు 18. కార్తీక పౌర్ణమి రోజులు. అమ్మ 365 వత్తుల కట్ట నేతిలో నానబెట్టుకుని కూర్చుంది. వాన మాత్రం ఆగలేదు. కపిలతీర్థం జలపాతం దగ్గరికి మనిషి పోయే పరిస్థితి లేదు, రెండు ఘాట్ రోడ్లూ మూసేశారని టీవీలో చెప్తున్నారు. రాత్రికి మా వాకిట్లో నీళ్లు. ఎదురు వీధిలో ఇల్లు కడుతున్న వాళ్ల ఇసుక తెచ్చి సిమెంటు సంచుల్లో నింపి గడపకు అడ్డం పేర్చాం. సంచుల్ని గొంతు దాకా కూరి కట్టేశాం, అక్కడే తప్పు జరిగింది. సంచి సగం కాస్త పైన నింపితేనే పక్క సంచి మీద ఒదిగి పడుకుంటుంది. నిండుగా కూరితే గుండ్రాళ్లు పేర్చినట్టే, సందుల్లోంచి నీళ్లు దర్జాగా వచ్చేస్తాయి. వచ్చేశాయి కూడా. మోకాటి లోతు. ఫ్రిజ్ తేలి పక్కకు పడింది. నా డిగ్రీ సర్టిఫికెట్లు ఇప్పటికీ బురద రంగులోనే ఉన్నాయి.

ఆ వారంలోనే శ్రీకృష్ణానగర్‌లో ఒకరింట్లో సిమెంటు రింగుల సంపు భూమిలోంచి పైకి లేచి నిలబడింది. ఊరంతా చూడ్డానికి పోయింది, నేనూ పోయాను. కొందరు దండం పెట్టారు. చుట్టూ నేలంతా నీళ్లతో నిండి ఉన్నప్పుడు సంపు ఖాళీ అయితే అది పడవలా తేలుతుంది, అంతే. అప్పుడు ఆ సంగతి చూసి ఆశ్చర్యపోయి ఇంటికొచ్చాను కానీ, తేలడం గురించి నేర్చుకోవాల్సిన పాఠం నాకింకా మిగిలే ఉందని తెలియదు.

మళ్లీ ఇసుక మూటలు మోయకూడదని తీర్మానించుకున్నాను. విదేశాల్లో ఇళ్ల తలుపులకు వరద వచ్చినప్పుడు మాత్రం బిగించి, తర్వాత తీసి దాచుకునే అడ్డాలు ఉంటాయని వీడియోల్లో చూశాను. రెండు పక్కలా నిలువు ఛానళ్లు గోడకు ఎప్పుడూ ఉంటాయి, వాటిలోకి అల్యూమినియం పలకలు ఒకదాని మీద ఒకటి దింపుతారు, మధ్యలో రబ్బరు. అమ్మకు చూపిస్తే, "ఇందులో కొత్తేముంది? మా ఊరి చెరువు నిండి పొర్లే కలుజుకి రాళ్ల మధ్యన పలకలేసి బంకమన్ను మెత్తుతారు గదా, అదే ఇది" అంది. అమ్మ పుట్టింది రాయలచెరువు కింది పల్లెలో. ఆ నవంబరులోనే ఆ చెరువు కట్టకు లీకు పడిందని అమ్మ పుట్టింటి వైపు ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. నీళ్లకు అడ్డం కట్టడమంటే ఏంటో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఒక కంపెనీని అడిగితే గేటుకీ రెండు తలుపులకీ కలిపి లక్షన్నర చెప్పారు. నమస్కారం పెట్టేశాను.

మా బావమరిది చిత్తూరులో సివిల్ ఇంజనీరు. వాడొచ్చి ముందు నా ప్లానంతా చెడగొట్టాడు. గేటుకు అడ్డం కట్టి కాంపౌండ్ లోపలికే నీళ్లు రాకుండా చేద్దామని నా ఆలోచన. వాడు క్యాలెండరు వెనక లెక్క వేశాడు. రెండడుగుల నీళ్లు నిలబడితే ప్రతి అడుగు వెడల్పుకీ సుమారు 57 కిలోల తోపు. మా పదడుగుల గేటు మీద 570 కిలోలు. నలభై అడుగుల ముందు గోడ మీద రెండు టన్నుల పైనే. "అది నాలుగున్నర అంగుళాల గోడ బావా. పడితే మీ మీదే పడుతుంది." లోతు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుందట. అందుకే కాంపౌండ్‌లోకి నీళ్లు రానిచ్చి ఇంటి తలుపుల దగ్గరే ఆపాలన్నాడు. అదీ రెండడుగుల దాకానే. అంతకు మించి వస్తే పట్టుదలకు పోకుండా పలకలు తీసేసి లోపలికి వదిలేయాలి. లేకపోతే బయటి నీళ్ల బరువుకు ఇంటి గోడలే బీటలు వారొచ్చు.

సరే, ముందు తలుపు మూడున్నర అడుగులు, వెనక తలుపు రెండున్నర. ఆటోనగర్‌లో కిటికీలు చేసే షాపతను ఒప్పుకున్నాడు. నాలుగంగుళాల ఎత్తు, రెండంగుళాల మందం ఉన్న అల్యూమినియం బాక్సు పైపులు, ఒక్కో తలుపుకి ఆరు. ఆరు పేరిస్తే రెండడుగులు. రెండు చివరలా మూత వెల్డింగు, కింది అంచుకీ లోపలి వైపుకీ రబ్బరు బీడింగు. పొడుగు పలక కూడా రెండు కిలోలకు మించదు. అమ్మ ఒంటి చేత్తో ఎత్తింది.

ఛానళ్లు ఎక్కడ బిగించాలన్నది ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. షాపతను డ్రిల్లు తీసుకుని నేరుగా గడప దగ్గరికి పోయాడు. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. "దానికి బొక్కలు పెడితే నేనీ ఇంట్లో ఉండను" అని అమ్మ కుర్చీ వేసుకుని అడ్డంగా కూర్చుంది. చివరికి గడప వదిలేసి బయట, దర్వాజాకు నాలుగంగుళాలు ఎడంగా గోడకు బిగించాం. తర్వాత తెలిసింది అదే మంచిదని. చెక్క దర్వాజా వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దాని మీద ఏ సీలింగూ నిలవదు. గోడ మీద మాత్రం పై పూత చెక్కేసి, ఇటుక దాకా పోయి, యాంకర్ బోల్టులు దింపి, ఛానల్ వెనక సందంతా సిలికాన్‌తో పూడ్చాలి. పూత మీదే బిగిస్తే నీళ్లు పూత వెనక నుంచి వస్తాయి.

కింద మెట్టు మట్టంగా లేదు. రెండు బండల మధ్య అతుకు సరిగ్గా పలక ఆనే చోటే వచ్చింది. అక్కడ నాలుగంగుళాల గ్రానైటు పట్టీ ఒకటి అతికించాం.

తర్వాత పరీక్ష. మెట్టు చుట్టూ ఇటుకలు పేర్చి, బంకమన్ను మెత్తి, చిన్న తొట్టిలా కట్టి పైపు వదిలాం. వీధి పిల్లలంతా చేరారు. నాలుగంగుళాలు, ఆరు, ఎనిమిది. చుక్క రాలేదు. నేను ఫోన్‌లో వీడియో తీస్తూ ఏదో గొప్పగా మాట్లాడుతున్నాను. తొమ్మిది పది అంగుళాలు వచ్చేసరికి ఆరు పలకలూ కలిసి మెల్లగా, లిఫ్టు లేచినట్టు పైకి లేచాయి. కింది నుంచి నీళ్లన్నీ ఒక్కసారి లోపలికి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

చివరలు మూసిన బోలు పైపు తేలక ఏం చేస్తుంది? సంపు లేచింది చూసొచ్చిన వాడికి ఆ మాత్రం తట్టొద్దా! లెక్కేస్తే ఒక్కో పలక ఆరు లీటర్ల దాకా నీళ్లను తోస్తుంది, అంటే రెండు పలకలు మునిగితే చాలు, ఆరింటి బరువునూ మోసేస్తాయి. షాపతనే మందు కూడా చెప్పాడు. రెండు ఛానళ్ల పైనా ఒక్కో మర బోల్టు పెట్టి, పై పలకను కిందికి నొక్కేలా బిగించాడు. దాంతో పలకలు లేవవు, వాటి మధ్య రబ్బరు కూడా గట్టిగా అదుముకుంటుంది. రెండోసారి పరీక్షలో మూలల దగ్గర చెమ్మ తప్ప ఏమీ రాలేదు. మొత్తం ఖర్చు 38 వేలు.

అడ్డం పెట్టగానే పక్కింటి పెద్దమ్మ వచ్చింది. "మీ ఇంట్లోకి రాకుంటే ఆ నీళ్లు మా ఇంట్లోకే గదా నాయనా వచ్చేది?" న్యాయమైన ప్రశ్నే. వీధి పొడుగూతా పారే నీళ్లలో మా హాలు పట్టే నీళ్లు ఎంత పెద్దమ్మా, దానికి మీ దగ్గర వేలు మందం కూడా పెరగదు అని చెప్పాను. మూలనున్న ఖాళీ ప్లాటుకు ఐదడుగులు మట్టి తోలి మెరక చేశారు, అసలు నీళ్లు మన వైపు తిరిగింది దాని వల్ల, అని కూడా చెప్పాను. నమ్మిందో లేదో తెలీదు. మూడు నెలలకు తనూ ఆ షాపతని నంబరు అడిగింది.

ప్లంబరు ఇంకో సంగతి బయటపెట్టాడు. వరదలో తలుపు కంటే ముందు బాత్రూమే మోసం చేస్తుందట. వీధిలో డ్రైనేజీ నిండితే అది వెనక్కి తన్ని కమోడ్ లోంచీ జాలీ లోంచీ లోపలికి వస్తుంది. 2021లో మా బాత్రూంలో ఆ వాసన ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది. బయటి ఛాంబర్‌లో నాన్-రిటర్న్ వాల్వ్ పెట్టించాం. నీళ్లు బయటికి పోయేటప్పుడు తెరుచుకుని, వెనక్కొస్తే మూసుకునే రెక్క. దాన్ని మూడు నెలలకోసారి తీసి కడగాలి. ఒకసారి విప్పితే కొబ్బరి పీచు ఇరుక్కుని రెక్క నోరు తెరుచుకునే ఉంది.

అసలు వరద వచ్చిన రోజు నేను ఊళ్లో లేను. 2023 డిసెంబరు 4, సోమవారం, మిచౌంగ్ తుఫాను. ఆ ముందురోజు ఏదో పనుండి చిత్తూరులో బావమరిది ఇంటికి పోయి ఇరుక్కుపోయాను. ఇంట్లో అమ్మ, నా భార్య, మేడ మీద అద్దెకుండే డిగ్రీ అబ్బాయి. సాయంత్రం వీడియో కాల్. "గేటు దాటినాయి నాయనా, పలకలు వేస్తా ఉండాం."

సంపు నింపి మూత బిగించారా, ఖాళీ గ్యాస్ సిలిండరు కట్టేశారా, కింది ప్లగ్గుల మెయిన్ ఆపారా అని నేను అరుస్తున్నాను. ఇక్కణ్నుంచి అరవడం తప్ప నేను చేసేదేముంది? అమ్మ మాత్రం ముందు తడిగుడ్డతో గ్రానైటు పట్టీ తుడుస్తోంది. పొద్దున వేసిన ముగ్గు సరిగ్గా ఆ పట్టీ మీదే ఉంది. ముగ్గుపిండి కణికలు రబ్బరు కింద ఉంటే అక్కడి నుంచే నీళ్లు దారి చేసుకుంటాయి. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నాకూ తెలీదు.

ఒకటి, రెండు, మూడు దిగాయి. నాలుగోది దిగట్లేదు. అబ్బాయి పిడికిలితో గుద్దుతున్నాడు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఆపి, పలక తీసి తిప్పి చూసి, కెమెరాలోకి చూపించింది. రబ్బరు వైపు బయటికి వచ్చింది. "నంబర్లు రాసినావు గానీ యా పక్క ఇంట్లోకో రాయలేదే. రాత్రి పూట కరెంటు లేకుండా ఎవురికి తెలుస్తాది?" నిజమే. నేనుంటే కళ్లు మూసుకుని వేసేవాణ్ని. అందుకే రాయాలని తోచలేదు.

ఆరూ వేసి బోల్టులు బిగించారు. వెనక తలుపుకీ వేశారు. పావుగంట పట్టింది. ఎనిమిదింటికి ముందు తలుపు దగ్గర నీళ్లు మూడో పలక అంచుకు వచ్చాయి, అంటే అడుగుకు కాస్త తక్కువ. లోపల మూలల్లోంచి కారేది గంటకు అర బకెట్టు, గుడ్డతో అద్ది పిండుతున్నారు. బాత్రూం పొడిగా ఉంది. నేను ఊపిరి పీల్చుకునేలోపు వంటింట్లోంచి నా భార్య కేక.

అంట్లు తోమే చోట గోడ అడుగున బయటికి తూము ఒకటుంది. నాన్న కాలంలోది, ఇప్పుడు వాడట్లేదు. సింకు కింద బియ్యం డబ్బా వెనక ఉంటుంది కాబట్టి అందరం మరిచిపోయాం. రెండంగుళాల బొక్కలోంచి పంపు తిప్పినట్టు నీళ్లు. డబ్బా జరిపేసరికి వంటింట్లో చీలమండ లోతయ్యాయి. అమ్మ పాత చీర ముక్కను ప్లాస్టిక్ కవర్లో చుట్టి తూములో కుక్కి, రోకలి బండతో లోపలికి దిగగొట్టింది. ఆ మీద రోలు జరిపి ఆనించారు. ఆగింది.

తెల్లారేసరికి నీళ్లు తీశాయి. మర్నాడు సాయంత్రానికి నేనొచ్చాను. పలకల మీద బురద గీత మూడోదానికి కొంచెం పైన, స్కేలు పెట్టి గీసినట్టుంది. తూముకి సిమెంటు పూసి మూయించాను. ప్రతి పలక లోపలి వైపూ పెద్దగా 'ఇల్లు' అని ఎర్ర పెయింటుతో రాశాను. అమ్మ అక్షరాలు సరిగ్గా లేవంది.

2024 అక్టోబరులో మళ్లీ రెడ్ అలర్ట్ అన్నారు. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నాను. మెట్ల కింద నుంచి పలకలు తీసి లెక్కపెడితే ముందు తలుపువి ఐదే ఉన్నాయి. ఐదో నంబరు లేదు. ఇల్లంతా వెతికాం. చివరికి మేడ మీద దొరికింది. వేసవిలో అమ్మ దాన్ని రెండు ఇటుకల మీద పెట్టి, వడియాల గుడ్డ ఎగిరిపోకుండా అంచున బరువు పెట్టుకుంది. ఐదు నెలల ఎండకు రబ్బరు ఎండి, వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. వానలోనే ఆటోనగర్ పోయి మీటరు బీడింగు తెచ్చుకున్నాను. ఆ సారి నీళ్లు గేటు దాటలేదు.