పాత అమెరికా అట్లాసులు: అచ్చైన ఏడాది కనిపెట్టడం, తిరుపతి తేమలో కాపాడటం

మ్యాపు అడుగున ఉన్న కాపీరైట్ ఏడాదిని నమ్మి డబ్బు పెట్టకండి. కోల్టన్, మిచెల్, జాన్సన్ అనే అమెరికా అట్లాసు కంపెనీలు 19వ శతాబ్దంలో అదే మ్యాపును దిద్దుతూ ఏళ్ల తరబడి అచ్చేశాయి, అడుగున తేదీ మాత్రం పాతదే. సరిహద్దులే అసలు సాక్ష్యం. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంగా విడిగా ఉంటే 1863కి ముందుది కాదు. డకోటా ఉత్తర, దక్షిణ రాష్ట్రాలుగా విడిపోకుండా ఇంకా ఒకే ముక్కగా ఉంటే సాధారణంగా 1889 లోపుది.

తర్వాత 10ఎక్స్ లూప్ (పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం) పెట్టి చూడండి. రంగు సన్నటి చుక్కల వరుసల్లా కనిపిస్తే అది సాధారణంగా ఈమధ్య వేసిన కాపీ. చేత్తో పూసిన రంగు అక్కడక్కడా గీత దాటుతుంది. ఆకుపచ్చ సరిహద్దు ఉన్నచోట షీటు తిప్పి చూడండి: వెనక గోధుమరంగు గీత దిగి ఉంటే, ఆ రంగులోని రాగి కాగితాన్ని తినేస్తోందన్నమాట. మడతపెడితే అక్కడే చిట్లుతుంది. అలాంటిదానికి బేరం గట్టిగా ఆడొచ్చు.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే గండం. తేమ 65 శాతం దాటితే బూజు మొదలు. తేమ కొలిచే హైగ్రోమీటర్ పెట్టి, 50 దగ్గర నిలపండి. షీట్లను యాసిడ్ లేని ఫోల్డర్లలో పడుకోబెట్టాలి.

తిరుపతిలో వెంకన్న పటాలు కట్టే షాపుల్లో అద్దాన్ని నేరుగా బొమ్మకు ఆనించి, వెనక హార్డ్‌బోర్డు కొట్టేస్తారు. మ్యాపుకు అది పనికిరాదు. అద్దం మ్యాపుకు తగలకుండా మధ్యలో మౌంట్ (అంచుల చుట్టూ పెట్టే అట్ట) వేయమని చెప్పండి. సెల్లోటేపు, లామినేషన్ జోలికి అసలు పోవద్దు.