ఎర్ర గీతకు పైన

మా హాల్లో గోడ మీద ఒక ఎర్ర గీత ఉంది. నేల నుంచి సరిగ్గా 5 అడుగుల 2 అంగుళాలు. 2024లో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చిన నీళ్ళు తీశాక మిగిలిన బురద మరక మీదే పెయింటుతో గీశాను. తర్వాత రంగులు వేయించినప్పుడు మేస్త్రీ దాన్నీ కప్పేయబోతే వద్దన్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం పిల్లల ఎత్తు కొలిచే గీత అనుకుంటారు.

మాది విజయవాడ సింగ్‌నగర్. ఆ సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున గుమ్మంలోకి నీళ్ళొస్తే కాసేపట్లో తీసేస్తాయిలే అని సామాన్లు ఎత్తి మంచం మీద పెట్టాం. సాయంత్రానికి మంచమే కనబడలేదు. పైవాటాలో అద్దెకుండే పిన్నిగారు మా నలుగురినీ అయిదు రోజులు పెట్టుకున్నారు. కింద ఇన్వర్టర్ బ్యాటరీ మునిగిపోయింది. బియ్యం బస్తా ఉబ్బి పగిలింది. గ్యాస్ సిలిండర్ వంటింట్లో తేలుతూ రాత్రంతా తలుపును కొడుతూనే ఉంది. ఆ చప్పుడు అమ్మకు ఇప్పటికీ కలలో వస్తుందట. ఫోన్లు మొదటి రాత్రికే చచ్చాయి. మేడ ఎక్కి, తిండీ నీళ్ళూ తెచ్చే డ్రోన్ల కోసం ఆకాశం చూసేవాళ్ళం. చుట్టూ నిలువెత్తు నీళ్ళు, తాగడానికి గ్లాసుడు లేవు.

నాకీ పిచ్చి పట్టింది అప్పుడే. 2025 జనవరి నుంచి నెలకో శనివారం సాయంత్రం 6 నుంచి ఆదివారం సాయంత్రం 6 దాకా మెయిన్ ఆఫ్. మోటారు లేదు, కుళాయి లేదు, గ్యాస్ లేదు, బయట నుంచి ఏదీ తెప్పించకూడదు. ఏం లోటు పడిందో రాసుకోవడం, వచ్చే నెలలోపు దాన్ని సరిచేయడం. ఇదంతా ఆ నోట్‌బుక్‌లోంచే.

జనవరి 11

ఘోరం. టార్చి తీస్తే లోపల సెల్స్ కారి స్ప్రింగ్ తుప్పు పట్టి ఉంది. కొవ్వొత్తులున్నాయి, అగ్గిపెట్టె లేదు. ఇంట్లో అందరికీ గ్యాస్ లైటర్ అలవాటైపోయింది, దానితో కొవ్వొత్తి వెలగదు. ఫ్రిజ్ కూడా ఆపేశాం కాబట్టి ఆదివారానికి ఇడ్లీ పిండి పొంగి పులిసిపోయింది. "వచ్చే నెల నుంచి ఫ్రిజ్ ముట్టుకుంటే నేను పుట్టింటికి పోతానండీ" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. అప్పటి నుంచి మెయిన్ బోర్డులో ఫ్రిజ్ స్విచ్చు (ఎంసీబీ) ఒక్కటి వదిలి మిగతావి దించుతున్నాం. పేరుకు మాత్రం మెయిన్ ఆఫే.

పనికొచ్చిన సంగతి నీళ్ళ లెక్క. వాడిన ప్రతి చెంబూ గీతలు పెట్టి లెక్కేశాం. నలుగురికి తాగడానికి, వంటకు కలిపి 24 గంటల్లో 17 లీటర్లు. గిన్నెలకు, బాత్రూముకు 110 లీటర్లు. అంటే నేను తాగునీళ్ళ కోసం కంగారుపడుతున్నాను కానీ ఇంటిని ఆపేసేది లెట్రిన్. పైగా వరదలో కింది వాటా లెట్రిన్ లోపలి నుంచే పైకి తన్నుతుంది, నీళ్ళు పోసినా దిగదు. దానికి చేసింది చాలా సింపుల్: మూత ఉన్న 20 లీటర్ల పెయింటు బకెట్, లోపల రెండు మందపాటి పాలిథీన్ సంచులు, వాడిన ప్రతిసారీ పైన రెండు గుప్పిళ్ళ రంపపు పొట్టు. వాసన రాదు. మొదట ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు, మూడో నెలకు ఎవరూ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 8, నీళ్ళు

20 లీటర్ల క్యాన్లు ఆరు పైమెట్ల కింద అరలో పెట్టాను. ఈ పనిలో నన్ను ఎక్కువ రోజులు తిప్పింది నీళ్ళలో క్రిములను చంపడానికి వేసే బ్లీచింగ్ పౌడర్. 20 లీటర్ల మంచి నీళ్ళకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున కావాల్సింది 40 మిల్లీగ్రాములు. అంత కొద్ది పౌడర్ తూచే త్రాసు ఇంట్లో ఎవరికుంటుంది? అందుకే ముందు చిక్కటి ద్రావణం చేసుకోవాలి. 30 శాతం క్లోరిన్ ఉండే పౌడర్ 33 గ్రాములు లీటరు నీళ్ళలో కలిపి, తేర్చి, పైతేట వేరే సీసాలో పోస్తే సుమారు 1 శాతం ద్రావణం. అందులోంచి సిరంజితో 4 మిల్లీలీటర్లు తీసి క్యానులో వేసి, కదిపి, అరగంట ఆగాలి. అరగంట తర్వాత కూడా క్లోరిన్ వాసన కొద్దిగా రావాలి, రాకపోతే ఇంకోసారి అంతే వేయాలి.

నాకు మొదటిసారి అసలు వాసనే రాలేదు. ఈత కొలనులకు వాడే టెస్ట్ కిట్‌తో చూస్తే మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు కూడా లేదు. కనీసం 0.5 ఉండాలి. లెక్క తప్పానేమో అని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తప్పు లెక్కలో లేదు, పౌడర్‌లో ఉంది. షాపులో మూతి విప్పిన బస్తాలోంచి తూచి ఇచ్చారు. గాలి, తేమ తగిలితే దాని బలం పోతుంది. సీలు వేసిన కొత్త ప్యాకెట్ తెచ్చాక 0.8 వచ్చింది. ద్రావణం కూడా వారానికి మించి ఉంచొద్దు, రంగు సీసాలో చీకట్లో పెట్టాలి. ప్యాకెట్ మీద కొన్న తేదీ రాసి ఏడాదికోసారి మారుస్తున్నాను.

మురికి నీళ్ళకు క్లోరిన్ వేస్తే ఆ మురికే దాన్ని తినేస్తుంది, కాబట్టి ముందు తేర్చాలి. నేను పటిక తెచ్చాను. అమ్మ నవ్వి డబ్బాలోంచి చిల్లగింజలు తీసింది. "మీ తాతయ్యగారింట్లో చెరువు నీళ్ళు దీనితోనే తేర్చేవాళ్ళంరా" అని తడి రాయి మీద ఒక గింజ అరగదీసి ఆ గంధం బిందెలో కలిపింది. పక్కపక్కన రెండు బకెట్లు పెట్టి చూశాను. పటిక ముందు తేర్చింది, చిల్లగింజ ఇంకో గంట తీసుకుంది. తేటదనంలో తేడా కనబడలేదు. రెండూ మట్టినే దించుతాయి, క్రిములను చంపవు. తేరిన నీళ్ళకు క్లోరిన్ గానీ, బాగా మరిగించడం గానీ తప్పదు. డ్రైనేజీ కలిసిన వరద నీళ్ళ జోలికి మాత్రం పోను, వాటికంటే మేడ మీద శుభ్రమైన టార్పాలిన్ కట్టి పట్టిన వాన నీళ్ళు నయం.

మార్చి, ఏప్రిల్, బ్యాటరీ డబ్బా

నా ముద్దుల ప్రాజెక్టు ఇదే. మునిగిన ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఏహెచ్‌ది (ఆంపియర్-అవర్, బ్యాటరీలో ఎంత పడుతుందో చెప్పే కొలత), ఇద్దరు మనుషులు పడితే గానీ లేవదు. నీళ్ళొస్తుంటే ఎవరెత్తుతారు? నాకు ఒంటిచేత్తో మేడ మీదికి తీసుకెళ్ళేది కావాలి. తిరిగి చార్జి చేసుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, 32650 సైజు, రెండు చివర్లా స్క్రూ ఉండేవి ఎనిమిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. స్క్రూవి అయితే వెల్డింగ్ మెషిన్ అక్కర్లేదు, నట్లు బిగిస్తే చాలు. రెండేసి జంటగా కలిపి, ఆ జంటలు నాలుగు వరుసగా వేస్తే 12.8 వోల్టులు. పైన బీఎంఎస్ బోర్డు, సెల్స్ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా కరెంటు ఆపేది. సెల్ ఒక్కోటి 6 ఏహెచ్ అని రాసి ఉంది కాబట్టి మొత్తం 12 రావాలి.

రాసినదాన్ని నమ్మొద్దని ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ మిత్రుడు కారు ఇండికేటర్ బల్బు చేతిలో పెట్టాడు. 12 వోల్టులు, 21 వాట్లు. ఫుల్ చార్జి చేసి, బల్బు తగిలించి, బీఎంఎస్ కట్ చేసేదాకా గడియారం చూడటమే పరీక్ష. 1.8 ఆంపియర్ల లెక్కన ఆరున్నర గంటలు వెలగాలి. 4 గంటల 10 నిమిషాలకే ఆరిపోయింది. అంటే ఏడున్నర ఏహెచ్. అమ్మినవాళ్ళు వాదించి వాదించి సగం డబ్బు వెనక్కిచ్చారు. రెండోసారి వేరేచోట కొన్న సెల్స్ 6 గంటల 20 నిమిషాలు లాగాయి. పాత సెట్ ఇప్పుడు పాప చదువుకునే లైటుకు.

బిగిస్తుండగా స్క్రూడ్రైవర్ జారి ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య పడింది. కళ్ళు మూసి తెరిచేలోగా దాని మొన సగం కరిగింది, తీగ మీది ప్లాస్టిక్ మాడిపోయింది. బొటనవేలి మీద మచ్చ ఇంకా ఉంది. ఇవి పైకి బొమ్మ సెల్స్‌లా కనబడతాయి కానీ షార్ట్ అయితే కనికరించవు. అప్పటి నుంచి బీఎంఎస్ దాటగానే ప్లస్ తీగకు బెత్తెడు దూరంలోనే 10 ఆంపియర్ల కారు ఫ్యూజు, పనిముట్ల పిడులకు టేపు, చేతికి ఉంగరం గడియారం లేకుండా పని.

మొత్తం ఒక టిఫిన్ క్యారియర్ అంత డబ్బాలో పట్టింది, బరువు రెండు కిలోల పైచిలుకు. 5 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు అయిదు గంటలు వెలిగితే 50 వాట్-అవర్లు, రెండు ఫోన్లు నింపితే ఇంకో 45. డబ్బాలో ఉన్నది దాదాపు 145. ఒక రాత్రికి ధారాళం. పగలు మేడ మీద 40 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో అదంతా తిరిగి నింపుతుంది. మబ్బు పట్టిన రోజు నాలుగో వంతు కూడా రాదు, తుఫాను మబ్బుకే కదా మనకు దీని అవసరం! అందుకే ముసురు వార్త రాగానే మామూలు కరెంటుతో ముందే నింపి పెడుతున్నాను. చార్జర్ 14.6 వోల్టులది, లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు చేసిందే వాడాలి.

మే 10

ఫెయిల్. రాత్రి 11కి ఉక్కపోత తట్టుకోలేక అమ్మే లేచి మెయిన్ వేసేసింది. నేను ఏమీ అనలేదు. 12 వోల్టుల చిన్న టేబుల్ ఫ్యాన్ కొన్నాను, 15 వాట్లు.

తిండి సంగతి కూడా ఈ నెలే తేలింది. అటుకులు, మరమరాలు, బెల్లం, పల్లీ ఉండలు, పేలపిండి, రెండు రకాల పచ్చళ్ళు గీతకు పైన ఒక డబ్బాలో పెట్టాం. తీసి చూస్తే పల్లీ ఉండలు లేవు. "అత్యవసరం వచ్చింది నాన్నా" అంది పాప. డబ్బా మూత మీద ఓఆర్ఎస్ కొలత కూడా అంటించాను: లీటరు శుభ్రమైన నీళ్ళు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

జూన్, జులై, పొట్టు పొయ్యి

ఇది అమ్మ ప్రాజెక్టు, నేను కూలీని. 15 కిలోల ఖాళీ నూనె డబ్బా, పై మూత కోసేసి, కింద పక్కన మూడంగుళాల బెజ్జం. బెజ్జంలోంచి ఒక గొట్టం అడ్డంగా, దాని కొసకు ఆనించి మధ్యలో నిలువుగా ఒక సీసా. చుట్టూ రంపపు పొట్టు పోసి రోకలితో దంచి దంచి కూరాలి. తర్వాత సీసానూ గొట్టాన్నీ మెల్లగా తిప్పుతూ లాగేస్తే మూల మలుపులాంటి దారి మిగులుతుంది. కింది బెజ్జంలోంచి ముట్టిస్తే మంట పైకి లేస్తుంది.

మొదటిసారి సామిల్లు నుంచి తెచ్చిన పొట్టు తెచ్చినట్టే కూరాను. లోపల చెమ్మ. పొగకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, పావుగంటకు లోపలి పొట్టు గోడ కూలి ఆరిపోయింది. "ఆరబెట్టకుండా ఏం పొయ్యిరా ఇది!" అని అమ్మ తిట్లు. రెండు రోజులు ఎండలో వేసి, ఈసారి పొరలు పొరలుగా దంచాను. 3 గంటల 40 నిమిషాలు ఊదక్కర్లేకుండా మండింది. నలుగురికి అన్నం, పప్పు, చివర్లో రెండుసార్లు టీ. మేడ మీద, రేకుల కింద, నాలుగు వైపులా గాలి ఆడేచోట మాత్రమే. తలుపులు మూసిన గదిలో దీన్ని వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

నిజం చెప్పాలంటే జోరు వానలో ఇది అక్కరకు రాదు. 5 కిలోల చిన్న సిలిండర్ ఒకటి కొని పైవాటా బాల్కనీలో గొలుసుతో కట్టేశాను. తెలివైన పని అదే. అయినా ఆ పొయ్యి మీద పప్పు రుచే వేరు కాబట్టి ఆదివారాలు దాన్ని వదలడంలేదు.

అక్టోబరు 28, మొంథా

ఇది నేను పెట్టిన పరీక్ష కాదు. మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి. రెండు రోజుల ముందే ప్యానెల్ దించాను, డబ్బా నింపాను, ఆరు క్యాన్లలో నీళ్ళూ మార్చాను, ప్రభుత్వం వాళ్ళ సచేత్ యాప్‌లో హెచ్చరికలు చూస్తూ కూర్చున్నాను. చీకటి పడకముందే అమ్మను పైకి పంపాను. వాన దంచింది కానీ వీధిలో నీళ్ళు మడమ దాటలేదు. కరెంటు మాత్రం రాత్రి మూడు గంటలపాటు పోయింది. డబ్బా తీసుకుని పైకెళ్ళాను. రెండు లైట్లు, ఫ్యాన్, అందరి ఫోన్లు. వీధంతా చీకటి, మా పైవాటా ఒక్కటే వెలుగు. కొంచెం గర్వంగానే ఉంది.

దొరికిన తప్పులు రెండు. అమ్మ బీపీ మాత్రలు మంచం పక్క అరలోనే, అంటే గీతకు మూడడుగులు కింద ఉండిపోయాయి. రెండోది, ఆ చెమ్మకు పిన్నిగారికి ఆయాసం మొదలైంది. "బాబూ, నీ డబ్బాకు నా మిషన్ తగులుతుందా?" అని మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ పట్టుకొచ్చారు. అది 230 వోల్టులది. నా దగ్గర ఉన్నది 12. ఆవిడ ఇన్‌హేలర్‌తో సర్దుకున్నారు, నేను ఫ్యాన్ ఆవిడ వైపు తిప్పి కూర్చున్నాను.

మిషన్ వెనక స్టిక్కర్ మీద 150 వాట్లని ఉంది. పది నిమిషాలకు 25 వాట్-అవర్లే, డబ్బాకు అదేమీ లెక్క కాదు. కానీ 12 వోల్టుల వైపు, 12ను 230గా మార్చే ఇన్వర్టర్ నష్టం కూడా కలిపితే 13 ఆంపియర్ల పైనే లాగుతుంది, నా 10 ఆంపియర్ల ఫ్యూజు నిలవదు. బీఎంఎస్ 20 దాకా తట్టుకుంటుంది. లోపల మోటారు ఉంది కాబట్టి స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ గుంజుతుంది. 300 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్, మందపాటి తీగ, 20 ఆంపియర్ల ఫ్యూజు ఆర్డర్ పెట్టాను. నవంబరు శనివారం డబ్బా పిన్నిగారింట్లోనే.