దుమ్ము అణిగింది, అంతే

పదకొండు దాటింది. అందరూ డాబా మీద నిద్రపోతున్నారు. పొద్దుటి ఫోన్ మాటలు నా చెవిలోంచి పోవడం లేదు. రాసేస్తే గానీ పడుకోలేను.

"ఏం వదినా, మీకు వానలొచ్చేశాయంట గదా, టీవీలో చూశా. ఇంక దిగులు లేదు" అన్నాడు హైదరాబాదులో ఉండే మా మరిది. అక్కడితో ఆపి ఉంటే నేనూ సరేలే అనుకునేదాన్ని. "ఇంక గేదెలకు ట్రాక్టరు ఎండు గడ్డి కొనడమెందుకు, దండగ. పచ్చిక లేస్తుంది గదా. మరీ కష్టంగా ఉంటే ఆ పెయ్యను అమ్మేయమను అన్నయ్యను" అని కూడా అన్నాడు. పక్కనే ఉన్న మా ఆయన "అదీ నిజమేలే" అన్నాడు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న సాయంత్రం మా నెల్లూరు మెట్టలో పడిన వాన ఇదీ. ఉదయగిరి కొండ వైపు మబ్బు కమ్మింది. గాలి లేచి కొట్టం మీద రేకుల్ని ఊపేసింది. ఉరుములకు అత్తమ్మ "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూ లోపలికి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత కాసేపు పెద్ద పెద్ద చినుకులు. వాకిట్లో దుమ్ము అణిగింది. గడపారతో తవ్వి చూస్తే వేలి లోతు కూడా తడవలేదు. రాత్రికి ఉక్క ఇంకా పెరిగింది. ఇవాళ మధ్యాహ్నం ఫోన్ 41 డిగ్రీలు చూపించింది.

టీవీలో మ్యాప్ మీద నీలం రంగు పూసి, నైరుతి రుతుపవనాలు రాష్ట్రమంతా విస్తరించాయి అంటారు. ఆ మాట నిజమే. కానీ విస్తరించడం వేరు, కురవడం వేరు. పడమట నుంచి వచ్చే మబ్బు కొండలు దాటి మా వైపు దిగేసరికి అందులో మిగిలేది కొంచెమే. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్యంలోనే పడుతుంది. చెరువులు నిండితే అప్పుడే నిండాలి. 2021 నవంబరులో పెన్న పొంగి ఊళ్లలోకి వచ్చిందే, అదీ ఆ కాలపు వానే. జూన్‌లో మాకు దక్కేది పడమటి గాలి. పొద్దున తొమ్మిదికి లేచి పొద్దుగూకే దాకా వీస్తుంది. మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయంటారు గానీ, వింజమూరు వైపు మెట్ట ఊళ్లలో ఆరుద్ర దాటే దాకా ముంగిళ్లు కాలుతూనే ఉంటాయి. నెల్లూరు టౌన్లో సాయంత్రానికి సముద్రపు గాలి తిరుగుతుంది. అది మా దాకా రాదు. సోమశిల డ్యాం నీళ్లతో పెన్న డెల్టా వాళ్లు రెండో కారుగా ఎడగారు వరి పెట్టుకుంటారు. అదీ మాకు లేదు. హైదరాబాదులో జల్లు పడితే మా దగ్గర కూడా పడినట్టేనని మా మరిది అనుకుంటాడు. ఇక్కడ పుట్టి పెరిగిన మనిషే అలా అంటుంటే నాకు ఎక్కడో నొప్పి పుడుతుంది.

ఇంట్లో అందరికీ గుర్తుంటుంది, ఆ మధ్య బ్రెజిల్ ఆవు వీడియో మా గ్రూపులో పెట్టింది కూడా మా మరిదే. వియాటినా-19 అని, నలభై కోట్లకు పైగా ధర పలికి గిన్నిస్ రికార్డుకెక్కిన ఆవు. మన ఒంగోలు జాతే, వాళ్లు నెలోర్ అని పిలుస్తారు. మా నెల్లూరు పేరు పెట్టుకున్న ఆవు అక్కడ అంత మర్యాద పొందితే నాకూ ఒళ్లు పులకరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మరి ఆ జాతిని చూసి గర్వపడే మనిషి, మన కొట్టంలో ఉన్న ముర్రా గేదె పెయ్యను ఎందుకంత తేలిగ్గా అమ్మేయమంటాడు? వచ్చే ఏడు చూడి కట్టాల్సిన పెయ్య. ఈ ఎండలో సంతకు తోలితే అడ్డికి పావుశేరు అడుగుతారు. అందరూ అమ్మే నెలలో అమ్మడమంత నష్టం ఇంకోటి లేదు.

ఫోన్ పెట్టేశాక మా ఆయన చేసిన పనే నన్ను అసలు భయపెట్టింది. చినుకు పడింది కదా, కాస్త పచ్చి కొరుక్కుంటాయి అని గేదెల్ని విప్పి కాలవ గట్టు వైపు తోలుకెళ్లబోయాడు. గట్టు పక్కనే ఉంది ఆ జొన్న చేను. దాని యజమాని టౌన్లో ఉంటాడు. మేనెలలో చొప్ప కోయించుకుని, కొయ్యకాళ్లు దున్నించకుండా వదిలేశాడు. మొన్నొకసారి, నిన్న ఒకసారి తడి తగిలేసరికి ఆ కొయ్యకాళ్ల మొదళ్లలో లేత పిలకలు లేచాయి. ఊరంతా ఎండి గోధుమ రంగులో ఉంటే ఆ ఒక్క చేను పచ్చగా మెరుస్తోంది. పైగా "ఎవరైనా ఊరికే మేపుకోండి" అని కబురు కూడా పెట్టాడంట. ఊరికే వచ్చే ఆ మేత ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

నేను అయిదో తరగతో ఆరో తరగతో. ఏరువాక పున్నమి. ముందురోజు రాత్రి మంచి వానే పడింది, మా పుట్టింటి ఊళ్లో అందరి మొహాలూ విప్పారాయి. నాన్న తెల్లవారకముందే ఎద్దుల్ని కడిగాడు. ఒంగోలు జత, తెల్లగా, మూపురాలు ఊగుతూ నడిచేవి. అమ్మ కొమ్ములకు పసుపు రాసి కుంకుమ పెట్టింది, నేను మువ్వల పట్టెడ పట్టుకుని నిలబడ్డాను. పొంగలి దించారు, హారతి ఇచ్చారు, అరకకు టెంకాయ కొట్టారు. చేలో నాలుగు సాళ్లు తోలి, మిగతా రేపు చూద్దామని జతను గట్టు మీద విప్పి వదిలారు. పండగ రోజు కదా, ఎద్దుకు కూడా సెలవు అన్నాడు నాన్న. అందరం భోజనాలకు కూర్చున్నాం. కుడివైపు ఎద్దు కంప దాటుకుని పక్కవాళ్ల జొన్న చేలోకి దిగింది. అదీ ఇట్లాంటి కొయ్యకాళ్ల చేనే.

చూసేసరికి నోట్లోంచి నురగ. కడుపు ఉబ్బింది, కాళ్లు తడబడ్డాయి, ఊపిరి కోసం మెడ చాపి రొప్పుతోంది. ఎవరో "నాము తగిలింది" అని అరిచారు. నాము అంటే జొన్న పిలకల విషం. ఆ మాట వినగానే నాన్న మొహం ఎట్లా మారిందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. వెదురు గొట్టంతో బెల్లం నీళ్లు పోశారు. ఒకాయన చింతపండు పులుసు అన్నాడు, ఇంకొకాయన మజ్జిగ అన్నాడు, ఎవరు ఏది చెబితే అది అమ్మ పరుగున తెచ్చింది. సైకిల్ మీద మనిషి డాక్టరు కోసం వెళ్లాడు. డాక్టరు వచ్చేటప్పటికి ఎద్దు పడిపోయింది. కొమ్ముల పసుపు ఇంకా ఆరలేదు.

ఆ డాక్టరు చాలాసేపు కూర్చుని నాన్నకు వివరంగా చెప్పాడు, నేను పక్కనే ఉండి విన్నాను. జొన్న లేత పిలకల్లో ఒక పదార్థం ఉంటుంది, కడుపులోకి వెళ్లాక అది సైనైడ్ అవుతుంది. నీళ్లు లేక మాడి, ఒక్క జల్లుకు మళ్లీ చిగిర్చిన పిలకల్లో అది ఇంకా ఎక్కువ. ఒంట్లో ప్రాణవాయువు ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదు, అందుకే అంత తొందరగా పోతాయి. పూత దశకు వచ్చిన జొన్నకు ఆ భయం తగ్గుతుంది, కోసి ఎండబెట్టిన చొప్పలో చాలావరకు పోతుంది. వెంటనే తెలిస్తే సోడియం థయోసల్ఫేట్ సూది నరానికి ఇచ్చి బతికించొచ్చు. ఇవన్నీ మా ఇంట్లో నేను చెప్పీ చెప్పీ అరిగిపోయాయి. నాన్న మళ్లీ జత కట్టలేదు. రెండో ఎద్దు మేత ముట్టకుండా చిక్కిపోతుంటే అమ్మేశాడు. ఆ ఏడు నుంచే మా ఇంట్లో ట్రాక్టరుకు అద్దె కట్టడం మొదలైంది.

అందుకే పొద్దున పలుపు లాగేసుకున్నాను. మా ఆయన "గట్టు మీదే మేపుతాలే, చేలో దిగనిస్తానా" అని విసుక్కున్నాడు. ఆ రోజు మా నాన్న కూడా గట్టు మీదే వదిలాడు. ఇప్పుడంటే 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది, నిజమే, అది పెద్ద ధైర్యం. కానీ బండి రోడ్డు మీద రావాలి, నాము రోడ్డు చూసుకోదు.

ఈ టపా మొదలుపెట్టేటప్పుడు ఒక్క గట్టి వాన పడితే బాగుండు, అందరి నోళ్లూ మూతపడతాయి అని రాద్దామనుకున్నాను. ఇంత రాశాక అలా అనిపించడం లేదు. ఇప్పుడు పడేది ఎప్పుడూ గట్టి వాన కాదు. పడీపడనట్టు పడుతుంది. ఆ అరకొర తడికి ఆశపడి ఎవరో ఒకరు కంది విత్తుతారు, మొలక లేచాక పడమటి గాలికి మాడుతుంది, మళ్లీ విత్తనాలు కొనాలి. ఆ తడికే జొన్న పిలకలు విషం ఎక్కుతాయి. నిల్వ గడ్డి తడిసి బూజు పడుతుంది. ఈ పదిహేను రోజులు ఒక్క చినుకు పడకపోయినా నాకు బాధ లేదు. ఎండు గడ్డి వేసుకుని, గోతాలు తడిపి గేదెల వీపుల మీద కప్పుకుని, చల్లబడ్డాక రాత్రి మేత వేసుకుని నెట్టుకొస్తాం.

ఇలా రాశాను గానీ, నిమ్మ చెట్లు గుర్తొస్తే మళ్లీ చేయి ఆగుతోంది. బోరు సగం పోస్తోంది. తొమ్మిది గంటలు కరెంటు ఉన్నా మోటారు గాలి లాగుతుందని ఆపి ఆపి వేస్తున్నాం. కింది వరస చెట్లకు నీళ్లు అందడం లేదు, గోళీలంత కాయలు రాలుతున్నాయి. అత్తమ్మ రోజూ వాటిని ఏరి ఊరగాయకైనా పనికొస్తాయని గంపలో వేస్తోంది. ఆవిడ వంగి ఏరుతుంటే చూడలేను. చెట్టుకు వాన కావాలి, గేదెకు వద్దు. రెండూ మావే.

మంచి విషయం ఒకటి ఉంది. గొర్రెల మంద కాసే పెద్దయ్య దగ్గర ఉన్న మా జోడిపి రకం గొర్రె ఈ ఉదయం రెండు పిల్లల్ని ఈనింది. మామూలుగా ఒక్కటే ఈనుతాయి. రెండూ తెల్లటివి, మూతి మీద నల్ల మచ్చలు, లేచి నిలబడి పాలు తాగేశాయి.

ఆ పెద్దయ్య గురించి చెప్పాలి. నిన్నటి నుంచి మంద మా చేలోనే కట్టాడు. జొన్న చేను ఊరికే అంటున్నారంట కదా పెద్దయ్యా అని అడిగితే, "నా కంఠంలో ప్రాణం ఉండగా అందులోకి తోలనమ్మా" అన్నాడు. మందకు చిటుకరోగం టీకా కూడా వానలకు ముందే వేయించుకున్నాడంట. మా గేదెలకు గొంతువాపు టీకా ఇంకా వేయించలేదా అని పెద్దయ్య అడిగితేనే మా ఆయన తలూపాడు. అదే మాట నేను నెలనుంచీ చెబుతున్నాను.

మేం పీఎండీఎస్ అని, అంటే వానలకు ముందే పొడి నేలలో విత్తే పద్ధతిలో, నవధాన్యాలు చల్లిన మడి కూడా చిన్నగా మొలిచింది. అందులో జొన్న కూడా కలిసి ఉంది కాబట్టి పూత దాకా కోసేది లేదని పొద్దున్నే తేల్చి చెప్పాను. మా ఆయన మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం తనే కోవూరు ట్రాక్టరు అతనికి అడ్వాన్సు పంపించాడు, నాకు చెప్పకుండా. ఫోన్‌కు మెసేజ్ వస్తే తెలిసింది. మిషన్ కట్టిన బేళ్లు, ఎల్లుండి దింపుతాడు. రేటు పోయినేటి కంటే ఎక్కువే. డబ్బు భారం అన్న మాట వరకు మరిది చెప్పిందీ తప్పు కాదు. ఆ భారం మోస్తాం, పెయ్య మాత్రం కొట్టంలోనే ఉంటుంది.

వామి వేసే చోట పోయినేడు పట్టా చినిగింది. రేపు వింజమూరు వెళ్లి కొత్తది తేవాలి. టీకాల సంగతి కూడా అక్కడే పశువుల ఆస్పత్రిలో అడిగి వస్తాను.