వోల్టేజ్ తగ్గుతుంటే వెలుగు పెరిగింది: ఎల్‌ఈసీతో నా అనుభవం

మా ల్యాబ్‌లో అందరూ ఓఎల్‌ఈడీలు (కరెంటిస్తే వెలిగే పలుచని సేంద్రియ పొరల దీపాలు) చేస్తుంటే, నా వంతుకు పాలిమర్ లైట్ ఎమిటింగ్ ఎలక్ట్రోకెమికల్ సెల్ వచ్చింది. క్లుప్తంగా ఎల్‌ఈసీ. పైకి రెండూ ఒకటే: గాజు మీద ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్) అనే పారదర్శకమైన ఎలక్ట్రోడ్, దానిపై పాలిమర్, ఆపైన లోహం. తేడా అంతా మధ్య పొరలోనే. వెలుగిచ్చే పాలిమర్‌లోనే అయాన్లను మోసే పాలీఇథిలీన్ ఆక్సైడ్ అనే మరో పాలిమర్, అయాన్లనిచ్చే లిథియం లవణం కలిపేస్తారు. కరెంటును మోసే పాలిమర్లపై పనికి నోబెల్ అందుకున్న అలన్ హీగర్ కూడా ఉన్న బృందం 1995లో చూపించిన పద్ధతి ఇది.

దీంతో వచ్చే పెద్ద వెసులుబాటు లోహం విషయంలో. ఓఎల్‌ఈడీలో ఎలక్ట్రాన్లు సులువుగా లోపలికి వెళ్లాలని కాల్షియం, బేరియం లాంటివి వాడతారు. గాలి తగిలితే అవి ఇట్టే పాడవుతాయి. ఇక్కడ మామూలు అల్యూమినియం చాలు. పొర మందం కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఇదంతా విని పని తేలికే అనుకుంటారు.

ఓపికంతా ద్రావణం దగ్గరే అయిపోతుంది. నేను వాడింది సూపర్ ఎల్లో అనే పసుపు వెలుగిచ్చే పాలిమర్. దాని గొలుసులు పొడవైనవి కాబట్టి సైక్లోహెక్సనోన్ అనే ద్రావణిలో కరగడానికి వేడి చేస్తూ చాలాసేపు తిప్పాలి. లిథియం లవణంగా వాడిన లిథియం ట్రైఫ్లేట్ తేమను లాగేసుకుంటుంది, అందుకే దాన్ని ముందే వాక్యూమ్‌లో వేడిచేసి ఆరబెట్టాలి. మూడింటినీ విడివిడిగా కరిగించి, గ్లవ్‌బాక్స్‌లోనే (గాలి, తేమ చొరబడని పెట్టెలో) కలిపాను. అసలు తగాదా ఇక్కడే ఉంది: అయాన్లను మోసే పాలిమర్‌కీ, వెలుగిచ్చే పాలిమర్‌కీ బొత్తిగా పొసగదు. స్పిన్ కోటింగ్ (ద్రావణం వేసిన గాజును గిర్రున తిప్పి పలుచని పొరగా పరచడం) తర్వాత ఫిల్మ్ మసకగా కనిపిస్తే అవి విడిపోయాయన్నమాట. లవణం పాళ్లు మార్చుకుంటూ, నునుపైన ఫిల్మ్ వచ్చేదాకా సాగిందీ పని. ఐటీఓ శుభ్రం చేయడం, అల్యూమినియం వేయడం ఓఎల్‌ఈడీలో లాగానే.

ఇక టెస్టింగ్. కరెంటిస్తూనే వోల్టేజ్ కొలిచే సోర్స్ మీటర్‌లో కరెంట్‌ను స్థిరంగా పెట్టి చూశాను. మొదట వోల్టేజ్ బాగా ఎక్కువ, వెలుగు లేదు. కాసేపటికి వోల్టేజ్ దిగుతూ వచ్చింది, పసుపు వెలుగు మెల్లగా పుంజుకుంది. ఓఎల్‌ఈడీకి అలవాటుపడ్డ కంటికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. జరిగేదేమిటంటే, అయాన్లు ముందు ఎలక్ట్రోడ్ల దగ్గర చేరి ఛార్జ్ లోపలికి రావడానికి దారి చేస్తాయి. ఆ తర్వాత ఆనోడ్ వైపు పాలిమర్ పి-డోపింగ్ (ధన ఛార్జ్‌ను మోసేలా మారడం), క్యాథోడ్ వైపు ఎన్-డోపింగ్ (ఎలక్ట్రాన్లను మోసేలా మారడం) పొందుతుంది. డోపింగ్ పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతుంది. రెండూ ఎదురయ్యే సన్నటి జంక్షన్‌లో వెలుగు పుడుతుంది. అంటే మనం తయారుచేసేది సగం డివైజే, మిగతా సగం కరెంటు పారేటప్పుడు అదే కట్టుకుంటుంది. కరెంటు ఆపితే అయాన్లు తిరిగి సర్దుకుంటాయి, జంక్షన్ చెదిరిపోతుంది.

ఆ ఆలస్యం చూసి టెన్షన్‌తో వోల్టేజ్ పెంచాలనిపిస్తుంది. పెంచితే త్వరగా వెలుగుతుంది, నిజమే. కానీ ఎలక్ట్రోలైట్ (లవణం కలిసిన పాలీఇథిలీన్ ఆక్సైడ్) తట్టుకునే హద్దు దాటితే పక్క రసాయన చర్యలు మొదలై డివైజ్ ఆయుష్షు తగ్గుతుంది. లవణం ఎక్కువ వేయడమూ అంతే: డోపింగ్ మరీ పాకి, పుట్టిన వెలుగును అదే మింగేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఓఎల్‌ఈడీలా గబగబా వోల్టేజ్ స్వీప్ చేసి (వోల్టేజ్‌ను మెట్టుమెట్టుగా పెంచుతూ కొలిచి) అంచనాకు రావద్దు, అయాన్లకు కదిలే టైమే దొరకదు. ముందు స్థిరమైన కరెంటుతో, వోల్టేజ్‌నీ వెలుగునూ కాలంతోపాటు రాసుకోండి.